మోకాళ్ల నొప్పులా? మీ కుర్చీ ఎత్తు చూసుకోండి

మోకాళ్ల నొప్పులున్నవారు తైలాలు మర్దనా చేస్తారు, పట్టీలు కడతారు, మాత్రలు మింగుతారు. రోజుకు ఎన్నోసార్లు కూర్చుని లేచే కుర్చీ సంగతి మాత్రం పట్టించుకోరు. కీళ్లు అరిగినవారికి కూర్చోవడం కన్నా లేవడమే కష్టం. ఆసనం ఎంత కిందికి ఉంటే మోకాలి మీద అంత భారం పడుతుంది. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలను 2002లో సమీక్షించిన శాస్త్రజ్ఞులు, ఎత్తయిన ఆసనం నుంచి లేస్తే ఆ భారం 60 శాతం దాకా తగ్గవచ్చని తేల్చారు.

అలాగని ఎత్తు కుర్చీ అందరికీ మంచిది కాదు. బజారు కుర్చీలు సాధారణంగా 17, 18 అంగుళాల ఎత్తుంటాయి. అయిదడుగుల స్త్రీ వాటిలో కూర్చుంటే పాదాలు నేలకు సరిగా ఆనవు. అంచు తొడల కింద ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో భారతీయుల శరీర కొలతలతో ఒక గ్రంథాన్నే ప్రచురించింది. అయితే మీ ఇంట్లోవారి కొలతకు ఒక టేపు చాలు.

కొలత ఇలా తీయాలి

కాజీపేట - సికింద్రాబాదు రైలు మార్గంలోని స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్లలో వడ్లాయనకు చెప్పి కావలసిన కొలతకు కుర్చీ చేయించుకోవచ్చు. ముందుగా పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా కొలవండి. మామూలుగా అదే ఆసనం ఎత్తు. మోకాళ్ల నొప్పులుంటే ఒకటి రెండు అంగుళాలు పెంచి చూడవచ్చు. వీపు ఆనించి కూర్చున్నప్పుడు ఆసనం అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి.

ముందు నమూనా, తరువాతే టేకు

ఈ ఒకటి రెండు అంగుళాలు ఎవరికెంత అన్నది కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. కదలని పొట్టి బల్లను గోడకు ఆనించి, దానిమీద అరంగుళం పలకలను ఒక్కొక్కటే మేకులతో బిగించి చూడండి. ఒక్కో ఎత్తులో రెండేసి రోజులు కూర్చోబెట్టండి. పెద్దవాళ్లు లేచేటప్పుడు పక్కన ఒకరుండాలి. ఇటుకలు పేర్చి కూర్చోబెట్టవద్దు. జారితే తుంటి ఎముక విరిగే ప్రమాదముంది.

ఎత్తు తేలాక చవక కొయ్యతో నమూనా కుర్చీ చేయించండి. కాళ్లు ఒక అంగుళం పొడుగే ఉంచమనండి. కోయడం సులభం, అతకడం కష్టం. వారం రోజులు వాడి చూశాకే టేకు కోయించండి.

వడ్లాయనకు చెప్పవలసినవి

* చేతులు ఆసనం ముందు అంచు దాకా రావాలి. వాటిమీద బలం మోపి లేవాలి కదా!
* ముందు కాళ్ల మధ్య కింద అడ్డకర్ర వద్దు. లేచేటప్పుడు పాదాలు వెనక్కి జరగాలి.
* ముందు అంచు చిత్రిక పట్టి గుండ్రం చేయాలి.
* వీపు పలక కాస్త వెనక్కి వాలాలి. ఆసనం మాత్రం వెనక్కి ఎక్కువగా వాలితే లేవడం కష్టం.
* వెనుక కాళ్లు కొంచెం వెనక్కి చాచి ఉంటే కుర్చీ బోల్తాపడదు.
* కొయ్య బాగా ఆరినదై ఉండాలి. పచ్చి కొయ్య ఆరాక అతుకులు వదులై కుర్చీ ఊగుతుంది.

నవారు అల్లిక కొన్నాళ్లకు దిగబడి, ముందు పట్టె తొడలకు ఒత్తుకుంటుంది. అల్లించుకుంటే అప్పుడప్పుడు బిగించుకోవాలి.

కుర్చీ మందు కాదు

మంచి కుర్చీ దొరికిందని రోజంతా దాన్లోనే కూర్చోరాదు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చునే ఒక్కో కాలూ చాచి, అయిదు లెక్కపెట్టేదాకా ఉంచి దించండి. ఇలా పదేసిసార్లు చేస్తే తొడ కండరాలు బలపడతాయి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, కాలు మొద్దుబారినా వెంటనే వైద్యునికి చూపించండి.