ఊరటనిచ్చే వంట: తీపి గిన్నెలో కాదు, కప్పులో

ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి తగ్గింది. కోడలు పురుడు పోసుకుని ఇంటికి వచ్చింది. లేదా పక్కింట్లో పెద్దాయన చనిపోయారు. ఇలాంటప్పుడు మన ఆడవాళ్ళు మొదట వెళ్ళేది వంటింట్లోకే. ఏదో ఒకటి వేడిగా చేసిపెడితే ఆ మనిషికి కాస్త ఊరటగా ఉంటుందని మనందరికీ తెలుసు. యూనానీ వైద్యం ఈ విషయాన్ని ఎప్పటినుంచో గుర్తించింది. ఆహారంతో చేసే చికిత్సను ‘ఇలాజ్ బిల్ గిజా’ అంటారు. ఆహారంతో నయమయ్యే చోట మందు జోలికి పోవద్దన్నది హకీముల పాత సూత్రం.

అయితే ఈ రోజుల్లో ఊరట పేరుతో మనం పెడుతున్నది ఏమిటి? జ్వరం నుంచి లేచిన పిల్లవాడికి బేకరీ కేకు, బాలింతకు గిన్నెడు హల్వా, దుఃఖంలో ఉన్న ఇంటికి బిర్యానీ, డబల్ కా మీఠా. ప్రేమతోనే పెడతాం, సందేహం లేదు. కానీ ఆ ఇంట్లో షుగర్ ఉన్న నానీ ఉంటుంది, బి.పి. ఉన్న దాదా ఉంటారు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. అంటే వయోజనుల్లో సుమారు 11.4 శాతం. ఇక ప్రతి వీధిలోనూ షుగర్ ఉన్నవారు ఉంటారనే అనుకోవాలి. కాబట్టి ఊరటనిచ్చే వంట ఎవరికి, ఎలా, ఏ నీళ్ళతో చేయాలో ఈ వారం చూద్దాం.

లతీఫ్, కసీఫ్ అంటే ఏమిటి?

యూనానీ గ్రంథాలు ఆహారాన్ని దాని గుణాన్ని బట్టి విభజించాయి. తేలికగా అరిగి పలుచని రక్తాన్ని ఇచ్చేది ‘లతీఫ్’. ఆలస్యంగా అరిగి చిక్కని రక్తాన్ని ఇచ్చేది ‘కసీఫ్’. పెసరపప్పు కిచిడీ, బార్లీ జావ, కోడి యఖ్నీ మొదటి రకం. వేయించిన మాంసం, నెయ్యి కారే మిఠాయి, మైదా రొట్టె రెండో రకం. రోగిలో ‘ఖువ్వతె హాజిమా’, అనగా జీర్ణశక్తి తగ్గి ఉంటుంది. ఆ సమయంలో కసీఫ్ ఆహారం పెడితే అది సరిగా అరగక కడుపులో భారంగా మిగిలిపోతుంది. కనుక రోగికి తేలికైనది, కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి.

ఆహారానికి, మనసుకు సంబంధం ఉందని కూడా హకీములు చెప్పారు. మనసును తేలికపరిచే వాటిని ‘ముఫర్రిహ్’ అంటారు. కుంకుమపువ్వు, గులాబీ, యాలకులు ఈ కోవలోనివే. ఇబ్నె సీనా గుండెకు సంబంధించిన మందుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. అందులో సంతోషం, దుఃఖం గురించి కూడా చర్చించారు. పాలలో రెండు యాలకులు దంచి వేస్తే ఇల్లంతా పరిమళం వస్తుంది కదా! తీపి పెంచకుండానే ఊరటను పెంచే మార్గం అదే.

దుఃఖంలో ఉన్నవారికి తల్బీనా

ఊరటనిచ్చే వంట అనగానే మొదట చెప్పుకోవలసినది తల్బీనా. బార్లీ పిండిని నీళ్ళలో, పాలలో ఉడికించి చేసే పలుచని జావ ఇది. పాలలా తెల్లగా ఉంటుంది కాబట్టి పాలు అని అర్థమిచ్చే ‘లబన్’ అనే అరబీ మాట నుంచి ఈ పేరు వచ్చింది. సహీహ్ బుఖారీలో దీని ప్రస్తావన ఉంది. తమ కుటుంబంలో ఎవరైనా చనిపోయినప్పుడు, వచ్చిన ఆడవాళ్ళు వెళ్ళిపోయి దగ్గరివారు మిగిలిన తరువాత, హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా వండించేవారు. అది రోగి గుండెకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (సఅసం) చెప్పినట్లు ఆమె తెలిపారు. ఒక్క విషయం గమనించండి. అందరూ వెళ్ళిపోయాక, ఇల్లు నిశ్శబ్దమయ్యాక, ఇంటివారి కోసం చేసిన వంట అది. వచ్చినవారికి పెట్టే విందు కాదు.

తయారీ సులభమే. రెండు టేబుల్ స్పూన్ల బార్లీ పిండిని సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. ఒక కప్పు చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పది పన్నెండు నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. ఒక కప్పు పాలు పోసి మరో ఐదు నిమిషాలు ఉంచి దించాలి. గోరువెచ్చగా అయ్యాక ఒక టీస్పూను తేనె కలపవచ్చు. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

యూనానీ లెక్కలో బార్లీ చల్లదనం, పొడిదనం కలిగినది. పిత్త తత్వం వారికి, అంటే సఫ్రావీ మిజాజ్ వారికి, ఎండాకాలంలో అందరికీ ఇది హాయిగా ఉంటుంది. కఫం ఎక్కువగా ఉన్న బల్గమీ మిజాజ్ వారికి, చలికాలంలో పెద్దవారికి చిటికెడు శొంఠి, చిన్న దాల్చినచెక్క ముక్క చేర్చాలి. ఒక పదార్థం గుణాన్ని సరిచేసే ఇలాంటి వస్తువును హకీములు ‘ముస్లిహ్’ అంటారు. గోధుమ, బార్లీ పడనివారు మాత్రం దీన్ని వాడకూడదు. వారికి రాగి జావ మంచిది.

మన ఊరి రాగి, మన ఊరి ఉసిరి

ధర్మపురి, పాలక్కోడు, పెన్నాగరం ప్రాంతాల్లో ఉండే మనకు రాగుల గురించి చెప్పనక్కరలేదు. తమిళులు కళి అన్నా, మనం సంగటి అన్నా అదే ముద్ద. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది దానిలో చిన్న భాగమే. ఎదిగే పిల్లలకు, బాలింతలకు, మోకాళ్ళ నొప్పులంటున్న పెద్దలకు ఇంతకంటే చవకైన బలం లేదు.

కానీ ఒక జాగ్రత్త. షుగర్ ఉన్నవారు రాగి అంటే ఎంతైనా తాగవచ్చు అనుకుంటారు. మెత్తని పిండితో పలుచగా కాచిన జావ త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. అందులో బెల్లం వేస్తే చెప్పనే అక్కరలేదు. వారికి చిన్న ముద్ద, దానితో పప్పు, ఆకుకూర లేదా కోడికూర మేలు. అంబలి తాగాలనిపిస్తే మజ్జిగ, ఉల్లిపాయ వేసి ఒక గ్లాసుతో ఆపాలి.

ఉసిరి కథ కూడా ఈ నేలదే. నేటి ధర్మపురికి ప్రాచీన నామం తగడూరు. ఆ తగడూరును ఏలిన అదియమాన్ తనకు దొరికిన అరుదైన ఉసిరికాయను తాను తినకుండా కవయిత్రి అవ్వయ్యార్‌కు ఇచ్చాడని తమిళ సాహిత్యం చెబుతుంది. యూనానీలో ఉసిరిని ఆమ్లా అంటారు. మెదడుకు, గుండెకు, కడుపుకు బలమిచ్చేదిగా చెబుతారు. ఆమ్లా మురబ్బా మనకు తెలిసినదే. షుగర్ ఉన్నవారు మురబ్బా మాని పచ్చి ఉసిరికాయను తురిమి పప్పులోనో, పెరుగులోనో వేసుకోవాలి. విటమిన్ సి కూడా అప్పుడే ఎక్కువగా దక్కుతుంది.

వంట నీళ్ళ సంగతి

మన జిల్లాలో వంట గురించి మాట్లాడేటప్పుడు నీళ్ళను వదిలేయలేం. ఇక్కడి చాలా బోరుబావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళపై మచ్చలు, మరింత ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోవడం వంటి ఇబ్బందులు వస్తాయి. అందుకే జపాన్ రుణ సహాయంతో హోగెనకల్ తాగునీరు, ఫ్లోరోసిస్ నివారణ పథకం చేపట్టారు. 2013లో అది ప్రారంభమై కావేరి నీరు ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు అందింది.

చాలా ఇళ్ళలో కావేరి నీటిని తాగడానికి మాత్రమే దాచి, వంటకు బోరు నీళ్ళు వాడతారు. ఇది పొరపాటు. నీళ్ళు మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దానిలో అది మరింత చిక్కనవుతుంది. గంటసేపు కాచే జావ, యఖ్నీ, పప్పు అన్నీ ఆ నీటితోనే తయారైతే రోగికి బలం కోసం పెట్టిన కప్పే హాని చేస్తుంది. కాబట్టి జావకు, పాయసానికి, బియ్యం ఉడకడానికి కావేరి నీరే వాడండి. గిన్నెలు తోమడానికి, బట్టలకు బోరు నీరు చాలు. నల్ల ఉప్పులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. చాట్ మసాలా, చూరన్ రోజూ వాడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కాల్షియం, విటమిన్ సి సరిగా అందే శరీరం ఫ్లోరైడ్ బాధను కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. రాగి, ఉసిరి, పాలు మన ఇంట్లోనే ఉన్నాయి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. మన ఖట్టీ దాల్‌కు ఇదొక అదనపు మెప్పు. అయితే మంచి నీటికి ఇవేవీ బదులు కావు.

బాలింతకు హరీరా

హరీరా మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్నదే. ఎనిమిది బాదం పప్పులు నానబెట్టి పొట్టు తీసి, ఒక టీస్పూను గుమ్మడి గింజలతో కలిపి మెత్తగా రుబ్బాలి. ఒక టీస్పూను నెయ్యిలో ఒక టీస్పూను గోధుమ పిండి వేయించి, కప్పు పాలు, రుబ్బిన ముద్ద వేసి చిక్కబడేదాకా కాచాలి. యాలకుల పొడి, చిటికెడు శొంఠి చల్లాలి. ఇది ఒక మనిషికి ఒక పూటకు సరిపోతుంది. రోజుకు మూడుసార్లు తాగించనక్కరలేదు.

అత్తగార్లకు ఒక మనవి. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రను హరీరాతోనో, రాగి జావతోనో, టీతోనో మింగించకండి. కాల్షియం, టీ రెండూ ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రెండు గంటల తేడా ఉంచండి.

ఇంట్లోనే నాన్ ఖటాయీ

బేకరీ బిస్కెట్లలో, పఫ్‌లలో ఒకప్పుడు వనస్పతి విపరీతంగా వాడేవారు. అందులోని ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని ప్రభుత్వ నియమం ఉంది. అయినా మైదా, చక్కెర అలాగే ఉన్నాయి. పిల్లలకు ఏమి పెడుతున్నామో తెలియాలంటే ఇంట్లో చేయడమే మేలు.

దీనికి ఓవెన్ అక్కరలేదు. కిందా పైనా నిప్పులు పెట్టి దమ్ కా రోట్ కాల్చిన చేతులు మనవి. ఒక కప్పు గోధుమ పిండి, అర కప్పు వేయించిన రాగి పిండి, పావు కప్పు శనగపిండి, అర కప్పు బెల్లం పొడి, చిటికెడు వంట సోడా, యాలకుల పొడి కలపాలి. ముప్పావు కప్పు నెయ్యి కొద్దికొద్దిగా వేస్తూ ముద్ద చేసి, చిన్న ఉండలు చేసి కాస్త నొక్కాలి. మందమైన గిన్నెలో అంగుళం ఎత్తు ఉప్పు పోసి, పైన స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కించాలి. ఉండలను పళ్ళెంలో దూరదూరంగా పెట్టి లోపల ఉంచి, సన్నని మంటపై ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు కాల్చాలి. వేడి మీద మెత్తగా ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. ఇందులో నెయ్యి, బెల్లం ఉన్నాయి గనుక ఇది కసీఫ్ ఆహారమే. పిల్లలకు రెండు చాలు. రోగికి, షుగర్ ఉన్నవారికి ఇది కాదు.

ఒక్క గిన్నె, ముగ్గురు మనుషులు

ఇంట్లో నలుగురికి నాలుగు రకాలు వండడం ఏ ఇల్లాలికైనా కష్టమే. దానికొక ఉపాయం ఉంది. జావ గానీ, హరీరా గానీ, పాలు గానీ తీపి లేకుండా కాచండి. తీపి గిన్నెలో కాదు, కప్పులో వేయండి. పిల్లవాడి కప్పులో కాస్త బెల్లం, బాలింత కప్పులో ఒక ఖర్జూరం, నానీ కప్పులో యాలకులు, దాల్చినచెక్క మాత్రమే. అందరూ ఒకే వంట తింటారు, నానీకి తాను వేరన్న బాధ ఉండదు. బెల్లం, తేనె, ఖర్జూరం సహజమైనవే అయినా షుగర్ ఉన్నవారికి అవీ చక్కెరే.

పొరుగింట మయ్యిత్ అయితే వారికి భోజనం పంపడం మన సంప్రదాయం. హజ్రత్ జాఫర్ (రజి) షహీద్ అయిన వార్త వచ్చినప్పుడు ఆయన ఇంటివారికి భోజనం సిద్ధం చేయమని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. ఈసారి పంపేటప్పుడు ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ఒక్క క్షణం ఆలోచించండి. కిచిడీ, ఖట్టీ దాల్, తీపి లేని తల్బీనా ఒక డబ్బాలో పంపండి. దుఃఖంలో మందులు వేసుకోవడం మరిచిపోతారు. షుగర్ మాత్ర వేసుకున్నారా, ఇన్సులిన్ తీసుకున్నారా అని ఆప్యాయంగా అడగండి.

చివరిగా, ఈ వంటలు బలానికి, ఊరటకు. ఇవి మందులకు బదులు కావు. మూడు రోజులు దాటిన జ్వరం, ఏమీ తినలేకపోవడం, వారాల తరబడి తగ్గని దిగులు ఉంటే డాక్టరును గానీ, అర్హత గల యూనానీ వైద్యుణ్ణి గానీ తప్పక కలవండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పాలు, రాగి, ఖర్జూరం ఎంత తినవచ్చో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. మిగిలినవారు ఈ వారమే అరకిలో బార్లీ తెచ్చి, వేయించి పిండి పట్టించి డబ్బాలో పెట్టుకోండి. ఎప్పుడు ఎవరికి అవసరమవుతుందో చెప్పలేం.