కంప్యూటరు పవర్ సప్లై ఎంపిక

గోడ సాకెట్టు నుండి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును కంప్యూటరు భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చే పరికరమును పవర్ సప్లై అంటారు. దుకాణాలలో దీని వాడుక పేరు ఎస్.ఎం.పి.ఎస్. విడిభాగాలు కొని ఇంటివద్దనే కంప్యూటరు అమర్చుకునేవారు తరచుగా ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ కార్డుకు ధారాళముగా ఖర్చు చేసి, క్యాబినెట్‌తో పాటు చవకగా వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్.తో సరిపెట్టుకుంటారు. ఇది పొదుపు అనిపించుకోదు. నాసిరకము సప్లై చెడిపోయినపుడు ఒక్కొక్కసారి మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు కూడ దానితో పాటే పోతాయి.

సామర్థ్యమును లెక్కించుట

ఉదాహరణకు 65 వాట్ల ప్రాసెసరు, 170 వాట్ల గ్రాఫిక్స్ కార్డు (ఎన్విడియా ఆర్‌టిఎక్స్ 3060 ఈ కోవకు చెందినది), మిగిలిన భాగాలకు సుమారు 60 వాట్లు కలిపితే మొత్తము 295 వాట్లు. అయినా 300 వాట్ల సప్లై చాలదు. పని ఎక్కువైనపుడు ప్రాసెసరు తన మీద వ్రాసిన అంకెను మించి విద్యుత్తు తీసికొనగలదు. ఈ కార్డుకు తయారీదారు సూచించినది 550 వాట్ల సప్లై. దీనికి 1000 వాట్లది కొనుట మాత్రము వృథా ఖర్చే.

అట్టపెట్టె మీది పెద్ద అంకెను నమ్మరాదు. నేటి కంప్యూటర్లలో అధిక భారము 12 వోల్టుల మీదనే పడుతుంది. కనుక లేబులుపై ఆ గడిని చూడవలెను. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే, పైన 450 వాట్లని వ్రాసినప్పటికీ, లభించేది 12 × 16 = 192 వాట్లే. 45 ఆంపియర్లు ఉంటే 540 వాట్లు.

2004లో మొదలైన "80 ప్లస్" గుర్తు దక్షతను మాత్రమే తెలుపుతుంది. 300 వాట్లు అందించుటకు 85 శాతము దక్షత గల సప్లై గోడ నుండి సుమారు 353 వాట్లు తీసికొంటుంది. తేడా వేడిగా మారుతుంది.

ఇంటి విద్యుత్తు

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి, పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాలలో ఇల్లు ఉన్నవారు మరియొక విషయము గమనించవలెను. భారీ మోటార్లు ప్రారంభమైనపుడు అదే లైనుపై గల ఇండ్లలో వోల్టేజి క్షణకాలము పడిపోవచ్చును. ఇంటెల్ మార్గదర్శకాల ప్రకారము, 80 శాతము భారముతో పనిచేస్తున్న సప్లై, గోడ విద్యుత్తు ఆగిన తరువాత 17 మిల్లీసెకన్లు నిలువవలెను. మన 50 హెర్ట్జ్ విద్యుత్తులో ఒక్క ఆవృత్తికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఇన్వర్టరు అంతకంటె నిదానముగా మారితే కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంది. అందుచేత ఇన్వర్టరును యు.పి.ఎస్. స్థితిలో ఉంచవలెను, లేదా వేరుగా యు.పి.ఎస్. పెట్టుకొనవలెను.

క్యాబినెట్‌ను తాకినపుడు జివ్వుమంటే చాలమంది ఎస్.ఎం.పి.ఎస్.ను మార్చివేస్తారు. తరచుగా దీనికి కారణము సాకెట్టు మూడవ పిన్నుకు ఎర్తింగు లేకపోవుట. ముందుగా దానిని ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించవలెను.