మట్టిలో దిగిన మైలుతుత్తం ఏమైంది? హ్యూమస్ పట్టును చూపించే పరారుణ కాంతి



పోయిన నెల మన వీడియోలు చూసే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. హైదరాబాద్‌కు దగ్గర్లోనే ఊరు, ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు ఉన్న నేల. పదిహేనేళ్లు ద్రాక్ష పండించి, పందిళ్లు తీసేసి, ఇప్పుడు అదే ఎకరంలో జీవామృతం, ఘనజీవామృతం, ఆచ్ఛాదనతో పాలకూర, తోటకూర వేస్తున్నారు. ఆయన అడిగింది ఇదీ: "బూజు తెగులుకని ఏడాదికి నాలుగుసార్లు బోర్డో మిశ్రమం కొట్టిన. ఆ మైలుతుత్తమంతా ఏడికి పోయింది? జీవామృతం దాన్ని తినేస్తదా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన మీటింగుల్లో దీనికి ఒక తేలికైన జవాబు తిరుగుతుంటుంది కదా, "హ్యూమస్ పెరిగితే విషాలన్నీ పోతాయి" అని. నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేవాణ్ని. కానీ రాగి అనేది మూలకం. ఎండోసల్ఫాన్ లాంటి పురుగుమందునైతే సూక్ష్మజీవులు మెల్లగానైనా విరగ్గొడతాయి. రాగిని ఏ సూక్ష్మజీవీ విరగ్గొట్టలేదు. అది నేలలో ఉండాలి, లేదా నీటితోనో, కొట్టుకుపోయే మట్టితోనో, పంటతోనో బయటికి పోవాలి. మూడో దారి లేదు.

ముందు ఆయన పొలం లెక్క చూద్దాం. ఒక శాతం బోర్డో మిశ్రమం అంటే 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి. ఎకరాకు 200 లీటర్లు కొట్టారనుకుంటే ఒక్కసారికి అరకిలో రాగి, ఏడాదికి 2 కిలోలు, పదిహేనేళ్లకు 30 కిలోలు. ఎకరంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. కొట్టిందంతా ఆ పొరలోనే ఉండిపోతే కిలో మట్టికి 33 మిల్లీగ్రాముల రాగి కొత్తగా చేరినట్టు.

భయపడాల్సినంతా? వెంటనే కాదు. కానీ తేలిగ్గా తీసేయడానికీ లేదు. బోర్డో మిశ్రమం పుట్టిందే ఫ్రాన్సులో. దారి పక్క ద్రాక్షను దొంగలు తెంపకుండా రైతులు రాగి, సున్నం కలిపి పూసేవారు. ఆ తీగలకు బూజు రాకపోవడం మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించాడు. అప్పటినుంచి కొడుతూనే ఉన్నారు. యూరప్ అంతటా తీసిన మట్టి నమూనాల్లో అన్ని నేలల సగటు రాగి కిలోకు 17 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే, ద్రాక్ష తోటల సగటు 49. అందుకే 2019 నుంచి అక్కడ ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగికి మించకూడదని నియమం పెట్టారు. ఎకరా లెక్కలో ఏడాదికి 1.6 కిలోలు. సేంద్రియ రైతులకూ ఇదే నియమం. మన పెద్దాయన వాడింది దానికంటే ఎక్కువే.

ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలో రాగి మందులు కొట్టిన అవకాడో తోటల్లో రాగి పేరుకున్న మట్టిని వానపాములు తప్పించుకుంటున్నాయని, రాలిన ఆకు కుళ్లకుండా పైనే పేరుకుంటోందని పరిశోధకులు చూశారు. వానపామును నమ్ముకున్న వ్యవసాయం మనది. కాబట్టి ఇది మన ప్రశ్నే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. నేలలో ఉన్న రాగి అంతా వేరుకు, వానపాముకు అందదు. చాలా భాగాన్ని మట్టిలోని సేంద్రియ పదార్థం పట్టుకుని ఉంచుతుంది. ఏ చేత్తో పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుంది? కంటికి కనపడదు, మామూలు సూక్ష్మదర్శినికీ కనపడదు. ఇక్కడే పరారుణ కాంతి పనికొస్తుంది.

1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకం గుండా రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట కూడా వేడి ఎక్కింది. అదే పరారుణం, ఇంగ్లిష్‌లో ఇన్‌ఫ్రారెడ్. పొయ్యి దగ్గర చెయ్యి పెడితే తగిలే సెగలో ఎక్కువ భాగం ఇదే.

అణువుల్లో రెండు పరమాణువుల మధ్య బంధం స్ప్రింగులా ఊగుతుంటుంది. పిల్లవాడి ఊయలను దాని ఊపుకు సరిగ్గా తోస్తేనే కదా పైకి లేస్తుంది? అలాగే ప్రతి బంధం తన ఊపుకు సరిపోయే పరారుణాన్ని మాత్రమే మింగుతుంది. ఏ కాంతి తగ్గిందో గీత గీస్తే, అక్కడ ఏ బంధాలున్నాయో తెలుస్తుంది. ఈ పని చేసే యంత్రాన్ని ల్యాబుల్లో ఎఫ్‌టీఐఆర్ అంటారు. వీడియోలో నేను చూపించిన గ్రాఫ్ దగ్గర ఆపుకొని చదివితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది.

గ్రాఫ్ కింద ఉన్న అంకెలు తరంగ సంఖ్యలు, అంటే సెంటీమీటరు పొడవులో ఎన్ని అలలు పడతాయో ఆ లెక్క. 2920, 2850 దగ్గర శిఖరాలు కొవ్వు, మైనం లాంటి గొలుసులవి. ఎండోసల్ఫాన్ లాంటి నీళ్లలో సరిగా కరగని మందులు దాక్కునేది ఎక్కువగా ఇలాంటి నీళ్లంటని భాగాల్లోనే. రాగి సంగతి వేరు. దానికి కావాల్సింది 1720 దగ్గర కనిపించే కార్బాక్సిల్ గుంపు. చింతపండులో, వెనిగర్‌లో పులుపు తెచ్చేది కూడా ఈ గుంపే. దానికి చివర ఒక హైడ్రోజన్ ఉంటుంది. రాగి వచ్చి ఆ హైడ్రోజన్‌ను నెట్టేసి దాని చోట కూర్చుంటుంది.

రాగి కూర్చోగానే గ్రాఫ్ మారిపోతుంది. 1720 శిఖరం కుంగిపోతుంది. దానికి బదులు 1600 దగ్గర ఒకటి, 1400 దగ్గర ఒకటి లేస్తాయి. ఈ రెండింటి మధ్య ఎడం చూసి, రాగిని ఒక చేత్తో పట్టుకుందా, రెండు చేతులతో పట్టుకుందా అని కూడా అంచనా వేస్తారు. రాగి, సీసం లాంటివాటిని హ్యూమస్ గట్టిగా పట్టుకుంటుంది. జింకు, కాడ్మియంల మీద పట్టు అంత బిగువుగా ఉండదు.

నాకు బాగా నచ్చినదీ, మనకు ఎక్కువ పనికొచ్చేదీ దీనికి ఎదురు పరీక్ష. అదే నమూనాకు ఆమ్లం తగిలిస్తే హైడ్రోజన్ వెనక్కి వస్తుంది, 1720 శిఖరం మళ్లీ లేస్తుంది, రాగి ఊడిపోతుంది. అంటే ఆ పట్టు శాశ్వతం కాదు. నేల పీహెచ్ 5.5 కంటే కిందికి పడితే హ్యూమస్ చేతులు వదులవుతాయి. పెద్దాయన పందిళ్ల కింద అన్నేళ్లు పడ్డ సున్నం ఒక విధంగా ఆయనకు మేలే చేసింది.

యంత్రానికి ఇబ్బందులూ ఉన్నాయి. నీళ్లు పరారుణాన్ని విపరీతంగా మింగుతాయి కాబట్టి మట్టిని బాగా ఆరబెట్టి, మెత్తగా నూరి, మిల్లీగ్రాము పొడిని వంద, రెండొందల మిల్లీగ్రాముల పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి బిళ్లగా నొక్కుతారు. 1030 దగ్గర బంకమన్ను శిఖరం ఎంత పెద్దదంటే సేంద్రియ పదార్థం శిఖరాలను కప్పేస్తుంది. అందుకని చాలామంది క్షారంతో హ్యూమిక్ ఆమ్లాన్ని బయటికి లాగి పరీక్షిస్తారు. అలా లాగినది నేలలో ఉన్నట్టే ఉంటుందా అని శాస్త్రవేత్తల మధ్యే పెద్ద తగువు ఉంది. నా మటుకు నాకు ఆ తగువు సమంజసమే అనిపిస్తుంది. (దుకాణంలో దొరికే హ్యూమిక్ యాసిడ్ సీసాల్లో చాలావాటిది లియోనార్డైట్ అనే బొగ్గుజాతి ఖనిజం. ఆ సీసాను, మీ నేలలో పుట్టిన హ్యూమస్‌ను ఒకటనుకోకండి.) పైగా ఈ యంత్రం రాగి ఎలా పట్టుబడిందో చెబుతుంది గానీ ఎంత ఉందో చెప్పదు. దానికి వేరే పరీక్ష.

మరి పెద్దాయనకు ఏం చెప్పాను? "జీవామృతం రాగిని తినదు, బాబాయ్. మీ ఆచ్ఛాదన, ఘనజీవామృతం మట్టిలో సేంద్రియ పదార్థాన్ని పెంచితే అది రాగిని కట్టేసి ఉంచుతుంది. కానీ ఆ కట్టుతాడునే సూక్ష్మజీవులు తింటుంటాయి. రెండేళ్లు ఆచ్ఛాదన మానేస్తే, గడ్డి తగలబెడితే తాడు సన్నబడుతుంది. ఊడిన రాగిలో కొంత బంకమన్నుకు అంటుకోవచ్చు, కొంత వేరుకు అందొచ్చు." ఇంకోటి కూడా చెప్పాను. పచ్చి పేడ నీళ్లలో కరిగి ఉండే సేంద్రియ పదార్థం కూడా రాగిని పట్టుకుంటుంది, కానీ అది నీటితో కదిలిపోతుంది. బావి పక్కన, కుంట పక్కన ఉన్న మడిలో బాగా మాగిన ఎరువే నయం. కోళ్ల ఎరువు కొంటుంటే ఆగి ఆలోచించండి, దాణాలో కలిపే రాగి, జింకు అందులోంచి మళ్లీ మీ నేలకే వస్తాయి.

ఆయన దగ్గర సాయిల్ హెల్త్ కార్డు ఉంది. అందులో రాగి అంకె ఉంటుంది, మనం ఎప్పుడూ చూడం. చూసినా లోపం ఉందా లేదా అనే చూస్తాం. 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే లోపం అంటారు. పాత ద్రాక్ష నేలల వాళ్లు దాన్ని అటువైపు నుంచి చదవాలి, ఎంత ఎక్కువుంది అని. ఆ అంకె మొక్కకు అందే రాగిది, అంటే వదులుగా ఉన్నదానిది. పక్కనే సేంద్రియ కర్బనం, పీహెచ్ ఉంటాయి. ఈ మూడింటినీ ఏటా ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, కర్బనం పెరిగేకొద్దీ వదులు రాగి తగ్గుతోందో లేదో మీకే కనపడుతుంది.

ఆయన ఇప్పుడు రెండు నమూనాలు తీస్తున్నారు. పాత పందిరి కింద ఒకటి, ఎప్పుడూ మందు పడని గట్టు పక్క మట్టిది ఒకటి. 15 సెంటీమీటర్ల లోతు, ఒక్కోదానికి పది చోట్ల నుంచి. ఇత్తడి, రాగి సామాను గానీ, జింకు పూత ఉన్న తట్ట గానీ వాడొద్దని, చెక్క పుల్ల, ప్లాస్టిక్ బకెట్ చాలని చెప్పాను. ఫలితాలు వచ్చాక ఆయన ఒప్పుకుంటే తర్వాతి వీడియోలో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.