మీకు తెలుసా? తుమ్మచెట్టుకూ పట్టుగూళ్లుంటాయి!

నల్లమాడ చుట్టుపక్కల పట్టుపురుగులు మేపే రైతుకు ఒక గూడు చూపించి అదేమిటని అడగండి. తెల్లగా ఉంటే బైవోల్టిన్ అనీ, పసుపుపచ్చగా ఉంటే సీబీ (క్రాస్ బ్రీడ్) అనీ దూరం నుంచే చెప్పేస్తాడు. హిందూపురం గూళ్ల మార్కెట్‌కు వచ్చేవి ఏ రంగువైనా పురుగు మాత్రం ఒక్కటే, మల్బరీ ఆకు తినే బాంబిక్స్ మోరి. అదే రైతు అరచేతిలో బూడిదరంగు గూడొకటి పెట్టామనుకోండి. పైన సున్నం పూసినట్టు గరుకు, గట్టిగా పట్టుకుంటే సన్నటి నూగు చర్మంలో దిగుతుంది. ధర్మవరం మగ్గాలకు పరిచయంలేని సరుకిది.

దీని పేరు గోనోమెటా పోస్టికా. బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికాల్లో, ముఖ్యంగా కలహారి ఎండు నేలల్లో, తుమ్మజాతి చెట్లమీద బతుకుతుంది. గూటిమీద సున్నంలా కనిపించేది కాల్షియం ఆక్సలేట్. గుచ్చుకునే నూగేమో పురుగు ఒంటిది, గూడు అల్లేటప్పుడు దాన్నీ కలిపి అల్లేస్తుంది.

రెక్కలొచ్చిన పురుగును చూసి జాతి చెప్పడం కష్టం. అది రాత్రిపూట తిరుగుతుంది, మేత ముట్టదు, కొద్ది రోజుల్లోనే పోతుంది. పైగా ఆడది పెద్దది, మగది చిన్నది. పక్కపక్కన పెడితే రెండూ ఒక జాతివంటే నమ్మబుద్ధి కాదు. అందుకని ముందు చెట్టును చూడాలి. గూడు తుమ్మమీదుంటే పోస్టికా, మొపానే చెట్టుమీదుంటే దాని దాయాది గోనోమెటా రూఫోబ్రూనియా అని ఒక అంచనాకు రావచ్చు. పురుగు ఎగిరిపోయాక మిగిలిన ఖాళీ గూళ్లను ఏరి, ఉడికించి, వడికి నూలు తీస్తారు. శాన్ తెగవాళ్లయితే ఆ గూళ్లలో చిన్న రాళ్లు పోసి, కాళ్లకు గజ్జెల్లా కట్టుకుని ఆడతారు.

నైజీరియాకు వెళితే కథే వేరు. అక్కడి అనాఫె పురుగులు వందలకొద్దీ చేరి అన్నింటికీ కలిపి ఒకే పెద్ద గూడు కడతాయి, దాని లోపల మళ్లీ దేని గూడు దానిదే. అక్కడి యోరుబా తెగవాళ్లు గొప్పగా చెప్పుకునే గోధుమరంగు సన్యాన్ బట్ట ఆ పట్టుతో నేసిందే. ఈ అనాఫెల్లో ఒక రకానికి మేత చింతాకు!

మళ్లీ తుమ్మ దగ్గరికొద్దాం. మన చేల గట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం ఒకటి అమెరికా నుంచి దక్షిణాఫ్రికాకూ చేరింది. పోస్టికా దాన్నీ వదలదు. కంప కొట్టీ కొట్టీ విసిగిన రైతుకు ఈ కబురు వింటే ప్రాణం లేచొస్తుంది. కానీ ఈ గూళ్లు చూడ్డానికి తుమ్మకాయల్లా ఉంటాయి. కరువుకాలంలో పశువులు పొరపాటున మింగేస్తాయి. పట్టు అరగదు. కడుపులో ఉండచుట్టుకుని దారి మూసేస్తుంది, పశువు చచ్చిపోతుంది. మేకలూ గొర్రెలూ తుమ్మకాయలేరుకుని తినే మన సీమకు ఈ పురుగును తెస్తామంటే నేనైతే ఒప్పుకోను.