సెప్టెంబరు 17: ఒక్క తేదీ, బోలెడు కిరికిరి

కోరుట్ల నుంచి వేములవాడ పోయే తొవ్వలో ఉన్న కథలాపూర్‌లో సెప్టెంబరు 17 తెల్లారేసరికి ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో సగం మంది దుబాయి, మస్కట్‌లలో ఉంటారు కాబట్టి ‘ఈ రోజు చరిత్రలో’ అనే మెసేజ్ అక్కడ తిరిగి, ఇక్కడికొచ్చి, మళ్లీ అక్కడికే పోతుంది. దానితోపాటు తప్పకుండా ఒక ఫొటో వస్తుంది. విమానం దిగిన సర్దార్ పటేల్‌కు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతులు జోడించి నిలబడ్డ ఫొటో. కింద ‘1948 సెప్టెంబరు 17, నిజాం లొంగుబాటు’ అని రాసి ఉంటుంది.

అది లొంగుబాటు ఫొటో కాదు. పటేల్ హైదరాబాద్‌కు వచ్చింది 1949 ఫిబ్రవరిలో. ఫొటో బేగంపేట విమానాశ్రయంలోది. అప్పటికి సైనిక చర్య ముగిసి ఐదు నెలలు. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం జరిగింది ఇంతే: నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ నగర పొలిమేరలో భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరికి లాంఛనంగా లొంగిపోయింది మర్నాడు, 18న. అయినా ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఫొటో ఉంటే చాలు, తేదీ ఎవడు చూస్తాడు!

అపోహ: స్వాతంత్ర్యం వచ్చిన నాడే మనకూ వచ్చింది.

1947 ఆగస్టు 15న అప్పటి కరీంనగర్ జిల్లాలో భాగమైన కథలాపూర్ భారతదేశంలో లేదు. ఆ రోజే స్టేట్ కాంగ్రెస్ నేత స్వామి రామానంద తీర్థను నిజాం సర్కారు అరెస్టు చేసింది. నవంబరు 29న ఢిల్లీకీ, నిజాంకూ ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. గడువు నిండకముందే ఆ ఒప్పందం చెదిరింది.

అపోహ: 1948లో జరిగింది పోలీసు చర్య కాబట్టి పోలీసులే వచ్చారు.

వచ్చింది సైన్యం, ట్యాంకులతో సహా. సెప్టెంబరు 13న మొదలైన దాడిలో పెద్ద దళం సోలాపూర్ వైపు నుంచి కదిలింది. ‘పోలీసు చర్య’ అన్నది ఢిల్లీ పెట్టుకున్న పేరు. ఇంటి తగాదాను ఇంట్లోనే సర్దుకుంటున్నామని చెప్పాలి కదా మరి! నిజాం సర్కారు అప్పటికే ఐక్యరాజ్యసమితి గడప తొక్కింది. భద్రతా మండలి ఆ ఫిర్యాదును చేపట్టింది సెప్టెంబరు 16న.

దీనికి జంట అపోహ మరొకటి, రక్తం చుక్క కారలేదన్నది. చర్యకు రెండున్నర వారాల ముందు, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో నిజాం పక్షపు రజాకార్లు సాగించిన ఊచకోత తెలంగాణ మరువలేదు. చర్య తర్వాత జరిగిన హత్యాకాండపై నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువ మంది మరాఠ్వాడా, కన్నడ జిల్లాల ముస్లింలు. రెండింటిలో ఒకటే చెప్పుకొనేవాళ్లు చరిత్రను సగమే చెప్పినట్టు.

అసలు పెద్ద అపోహ: ఆ రోజుతో దొరల రాజ్యం, నిజాం పాలన రెండూ తుడిచిపెట్టుకుపోయాయి.

నిజాం గద్దె దిగలేదు. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఆయన ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరు 23న. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి ఆయనే రాజప్రముఖ్. సంతలో చెలామణీ అయిన డబ్బు కూడా కొన్నేళ్లు పాతదే. ఏడు హాలీ (నిజాం) రూపాయలిస్తే ఆరు కల్దారు (భారత ప్రభుత్వ) రూపాయలు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం కూడా సైన్యం రాగానే ఆగలేదు, 1951 అక్టోబరు 21 దాకా నడిచింది.

ఇక భూమి సంగతి. జాగీర్ల రద్దు 1949 ఆగస్టు 15న వచ్చింది. ఆ శాసనం పేరులో ఇప్పటికీ నిజాం కాలపు లెక్క, 1358 ఫసలీ అనే ఉంటుంది. కౌలుదారుకు రక్షణ 1950 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టంతో. పట్టా పంచాయితీ వచ్చినప్పుడు ఇప్పటికీ తహసీల్ ఆఫీసులో ముసలి రైతు అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ. సెప్టెంబరు 17 కాగితం ఎవడూ అడగడు. పల్లెలో బతుకు మారిందంటే ఈ తేదీల్లో, అదీ కాస్త కాస్తగా మారింది. ఉత్సవానికి ఒక రోజు కావాలి, అందుకు తప్పుబట్టను. ఆ ఒక్క రోజునే అన్నింటికీ కారణం చేయడమే చిక్కు.

ఆ ఉత్సవం పేరు మీదా లొల్లే. ఒకరు విమోచనం, ఒకరు విలీనం, 2022లో రాష్ట్ర సర్కారు జాతీయ సమైక్యతా దినం, 2024లో ప్రజాపాలన దినోత్సవం అన్నారు. ఇదేదో తెలంగాణ పంచాయితీ అనుకునేవాళ్లున్నారు. నిజాం రాజ్యంలోని పదహారు జిల్లాల్లో తెలుగు జిల్లాలు ఎనిమిదే. మరాఠ్వాడాలో, కల్యాణ కర్ణాటకలో కూడా 17ననే జెండా ఎగురుతుంది.

ఆ వాట్సాప్ మెసేజ్‌లో వచ్చే పుట్టినరోజుల విషయానికొస్తే జాబితా సరైనదే: 1879లో పెరియార్, 1915లో ఎం.ఎఫ్.హుస్సేన్, 1950లో నరేంద్ర మోదీ. విశ్వకర్మ జయంతి మాత్రం ఇంగ్లీషు తేదీని చూసి పెట్టుకున్నది కాదు. కన్యా సంక్రమణాన్ని బట్టి వస్తుంది, అందుకే ఒక్కోసారి 16న పడుతుంది.

మన పాత కరీంనగర్ జిల్లావాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. సాయుధ పోరాట నాయకుడు అనభేరి ప్రభాకరరావును సెప్టెంబరు వీరుల వరసలో వేసి బ్యానర్లు కడతారు. ఆయన మహ్మదాపూర్ గుట్టల్లో నేలకొరిగింది 1948 మార్చి 14న, నిజాం పోలీసుల కాల్పుల్లో. అదే పోరాటంలోని చాకలి ఐలమ్మను సైన్యమో, రజాకార్లో చంపారనేవాళ్లూ తగులుతారు. ఆమె 1985 సెప్టెంబరు 10 దాకా బతికింది, ఎర్రజెండా వదలకుండానే.