పాత రేడియోలో ‘ఎర్ర పాదరసం’ లేదు, పగలగొట్టకండి

వాల్వు రేడియోల్లో, డబ్బా టీవీల్లో ‘రెడ్ మెర్క్యురీ’ ఉంటుందనీ, గ్రాము లక్షలు పలుకుతుందనీ చెప్పే వీడియోలను నమ్మి జనం నిక్షేపంలాంటి సెట్లను సుత్తితో కొడుతున్నారు. ఇంట్లో బొమ్మ రైళ్లు నడిపేవాళ్లకు వాటిలో ఎంత సరుకుందో! ట్రాన్స్‌ఫార్మరు, స్టేషన్ ముల్లును లాగే దారం, దాని చిన్న కప్పీలు, స్కేలు వెనక వెలిగే 6.3 వోల్టుల బల్బులు. అన్నీ చెత్తకుప్పలో కలుస్తున్నాయి.

వాళ్లు చెప్పే ఆ పదార్థమే లేదు. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు సింగర్ కుట్టుమిషన్ల మీద పుట్టింది. తుక్కు మిషన్లకు వేల రియాళ్లు అడిగారు. చివరికి పోలీసులే అదంతా వట్టిదని చెప్పాల్సి వచ్చింది. ఈ ఎర్ర పాదరసం వెల్లుల్లి చూపిస్తే పారిపోతుందట, అద్దంలో కనబడదట! లోహానికి వెల్లుల్లితో పనేమిటి? ఎర్రటి పాదరస సమ్మేళనమే కావాలంటే ఇంగిలీకం ఉంది. ఆయుర్వేదానికి అది ఏనాటి నుంచో తెలుసు, దానికి ఎవరూ కోట్లు ఇవ్వరు.

మరి వాల్వు లోపల వెండిలా మెరిసేదేమిటి? బేరియం పూత. దాన్ని గెట్టర్ అంటారు. గాజు బుడ్డిలో మిగిలిన కాస్త గాలినీ పీల్చుకోవడానికి తయారీలోనే పెడతారు. బుడ్డి పగిలి గాలి తగలగానే ఆ మెరుపు పోయి తెల్లటి మరక మిగులుతుంది. పాదరసం ఆవిరైపోవడం కాదది.

టీవీ సంగతి మరీ ప్రమాదం. పిక్చర్ ట్యూబులో గాలి ఉండదు. పగిలిందంటే గాజు లోపలికి కుప్పకూలి, పెంకులు మొహం మీదికి ఎగురుతాయి. ఆ గాజులో సీసం ఉంటుంది. రంగుల టీవీ ట్యూబుకు 20 వేల వోల్టుల పైనే అందుతుంది, ప్లగ్గు పీకాక కూడా ఆ చార్జి నిలిచి ఉండొచ్చు. మైక్రోవేవ్ ఓవెన్ కెపాసిటరూ అంతే. ‘ప్లగ్గు తీసేశాం కదా’ అన్న ధైర్యం అక్కడ ప్రాణం తీస్తుంది. ఆ రెండింటి జోలికి పోకండి.

టేప్‌రికార్డర్ మోటారు బొమ్మ రైలు ఇంజిన్‌కు పనికొస్తుందా? చాలావాటిలో వేగాన్ని నిలకడగా ఉంచే సర్క్యూటు లోపలే ఉంటుంది, మీ కంట్రోలర్ మాట వినదు. ప్రింటర్‌లోని స్టెప్పర్ మోటారు డ్రైవర్ లేకుండా తిరగదు.

పాత అడాప్టరుతో బండి నడుస్తుందన్నది మాత్రం ఒప్పుకోక తప్పదు. హెచ్ఓ సైజు బొమ్మ రైళ్లకు 12 వోల్టుల డీసీ చాలు. పాత రౌటర్ అడాప్టరు దీపాలకు సరిపోతుంది, కంట్రోలర్ కలిపితే బండికీ సరిపోతుంది. అలాగని 19 వోల్టుల లాప్‌టాప్ చార్జర్‌ను పట్టాలకు తగిలించకండి. చక్రం పట్టా తప్పి షార్టయితే మూడు నాలుగు ఆంపియర్లు పారి బోగీ ప్లాస్టిక్ కరుగుతుంది. ఏ అడాప్టరైనా దారిలో ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టండి.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్తే పాడైన సీడీ డ్రైవుల కోసం వెతకండి. ట్రేను తోసే మోటారు, దాని పళ్లచక్రాలతో లెవెల్ క్రాసింగ్ గేటు చక్కగా లేస్తుంది. వాల్వు రేడియో ఇంకా పలుకుతుంటే మాత్రం విప్పకండి. పాత సెట్లు దాచుకునేవాళ్లకు అమ్మి, ఆ డబ్బుతో పట్టాలు కొనుక్కోండి.