కారు సీటు నూనె తాగదు: లోపలి శుభ్రత గురించి అపోహలు, వాస్తవాలు

కారు బయట చిన్న గీత పడితే ఆ రాత్రి నిద్రపట్టని వాళ్లున్నారు. లోపలి సంగతికి వచ్చేసరికి మాత్రం ఎవరేం చెబితే అది పూసేస్తాం. కొబ్బరినూనె, డీజిల్, టూత్‌పేస్టు, శానిటైజర్... వాట్సాప్‌లో వచ్చిన చిట్కా, వాటర్ వాష్ కుర్రాడు చెప్పిన చిట్కా, పక్కింటాయన చెప్పిన చిట్కా అన్నీ ఆ సీట్ల మీదే ప్రయోగిస్తాం. కొన్నేళ్లకి సీటు అంచులు పగిలి, డ్యాష్‌బోర్డు జిడ్డోడుతుంటే కంపెనీని తిట్టుకుంటాం. చాలాసార్లు ఆ నష్టం మనం చేతులారా చేసుకున్నదే.

అపోహ: తోలు ఎండిపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ నూనె పట్టించాలి

అన్నిటికంటే పాత అపోహ ఇదే, ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే. పూర్వం చెప్పులకీ, తోలు వార్లకీ నూనె పట్టించిన మాట నిజం. వాటికి పైపూత ఉండేది కాదు, రాసిన నూనె లోపలికి ఇంకేది. ఇప్పటి కారు సీటు అలా తయారవడం లేదు. పచ్చితోలుని ఎక్కువగా క్రోమియం లవణాలతో శుద్ధి చేస్తారు, రంగు వేస్తారు, ఆపైన పాలియురేథేన్ పూత పూస్తారు. కూర్చున్నప్పుడు మన ఒంటికి తగిలేది ఆ పూతే. రంగు వేసిన తలుపుకి నూనె రాస్తే లోపలి కర్రకి ఎంత అందుతుందో, సీటుకి రాసిన కొబ్బరినూనె తోలుకి అంతే అందుతుంది. మిగిలిందంతా పైనే నిలిచి దుమ్ముని పట్టేస్తుంది. ఆ దుమ్ము మీద రోజూ కూర్చుని లేస్తుంటే పూత అరిగిపోతుంది.

అసలు చాలామంది కార్లలో ఉన్నది తోలే కాదు. గుడ్డ మీద పీవీసీ గానీ పాలియురేథేన్ గానీ పరిచి, తోలు గీతలు అచ్చు వేసిన కృత్రిమ పదార్థం అది. రెక్సిన్ అని మనం పిలిచే కుటుంబానిదే. లెదర్ సీట్లని అమ్మిన కార్లలోనూ చాలావాటికి కూర్చునే భాగమొక్కటే అసలు తోలు, పక్కలూ వెనకభాగమూ కృత్రిమమే. పైపూత మందం 0.15 మిల్లీమీటర్లు దాటితే దాన్ని తోలు అనకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పీవీసీకి మెత్తదనం ఇచ్చేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్. నూనెలూ, పెట్రోలియం ద్రావకాలూ దాన్ని బయటికి లాగేస్తాయి. మెత్తబడుతుందని నూనె రాసిన సీటు చివరికి గట్టిపడి పగిలేది అందుకే.

అనుమానం ఉంటే కనపడని మూల ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క అలాగే నిలిస్తే పైపూత ఉన్నట్టు. పీల్చుకుని నల్లబడితే పూతలేని తోలు. అది కొన్ని ఖరీదైన కార్లలోనే ఉంటుంది, దానికి మాత్రం దానికోసం చేసిన క్రీమే వాడాలి.

పూత ఉన్న తోలుకి కావలసింది శుభ్రత. దాని శత్రువులు చెమట, ఒంటి జిడ్డు, సన్నటి ఇసుక. డ్రైవరు సీటుకి తలుపు వైపున్న అంచునీ, స్టీరింగు పైభాగాన్నీ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. అన్నిటికంటే ముందు పాడయ్యేవి అవే, చెయ్యీ తొడా రోజూ రాసుకునేవీ అవే. ముందు వ్యాక్యూమ్‌తో, అది లేకపోతే మెత్తటి బ్రష్‌తో కుట్ల మధ్య ఇసుక తీసేయాలి. తర్వాత గాఢత తక్కువున్న సబ్బునీళ్లలో మైక్రోఫైబర్ గుడ్డ ముంచి, గట్టిగా పిండి, నెమ్మదిగా తుడవాలి. మంచినీళ్ల గుడ్డతో మరోసారి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. మన దుమ్ముకి డ్రైవరు సీటుని నెలకోసారైనా ఇలా తుడవడం మంచిది. చిల్లుల సీట్ల మీద, ముఖ్యంగా కింద ఫ్యాను తిరిగే వెంటిలేటెడ్ సీట్ల మీద, నీళ్లు గానీ నురగ గానీ నేరుగా పోయకండి.

అపోహ: బట్టల మురికిని వదిలించే పొడి సీటు మురికినీ వదిలిస్తుంది

తోలుశాస్త్రంలో ఇంటింటికీ పనికొచ్చే ముక్క ఒకటుంది: శుద్ధి చేసిన తోలుకి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. బట్టల పొడి క్షారం. మురికిని వదిలించేటప్పుడే అది పూతనీ, కుట్లలోంచి దిగి తోలునీ దెబ్బతీస్తుంది. 2020లో కరోనా భయంతో స్టీరింగుకీ సీట్లకీ శానిటైజర్ పూసిన అలవాటు కొందరికి ఇంకా పోలేదు. ఆల్కహాల్ తరచుగా తగిలితే పైపూత జిగటబడి, రంగు ఊడిపోతుంది. చేతికి రాసుకుంటే ఆరాకే స్టీరింగు పట్టుకోండి.

మ్యాజిక్ స్పాంజి పేరుతో అమ్మే తెల్లటి మెలమైన్ స్పాంజి మరక తీసేది రసాయనంతో కాదు, గీకుడుతో. మరకతోపాటు పూత కూడా పోతుంది. టూత్‌పేస్టుదీ అదే పని.

అపోహ: డ్యాష్‌బోర్డు తళతళలాడితేనే శుభ్రంగా ఉన్నట్టు

కంపెనీ వాళ్లు డ్యాష్‌బోర్డు పైభాగాన్ని కావాలనే మెరుపు లేకుండా చేస్తారు. మెరిసే పైభాగం ఎండలో ముందు అద్దం మీద ప్రతిబింబిస్తుంది. మిట్టమధ్యాహ్నం హైవే మీద ఆ తెల్లటి నీడ వెనక ఒక మనిషో బైకో క్షణం కనపడకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సర్వీసింగ్ తర్వాత పూసే జిడ్డు పాలిష్‌లో ఎక్కువగా ఉండేది సిలికాన్ నూనె. రెండు రోజులు మెరుస్తుంది, మూడో రోజు నుంచి దుమ్ముని పట్టుకుంటుంది. పాలిష్ వద్దని వాష్ చేసేవాళ్లకి ముందే చెప్పడం మీ హక్కు. స్టీరింగు, గేరు నాబ్, పెడల్స్ మీద మాత్రం ఏ పాలిష్‌నీ పడనివ్వకండి. జారిందంటే ప్రాణానికే ముప్పు.

డీజిల్‌తోనో కిరసనాయిలుతోనో తుడిస్తే నల్లగా నిగనిగలాడుతుందన్నది ఇంకా ప్రమాదం. కొన్ని ప్లాస్టిక్కులు ఉబ్బి పెళుసవుతాయి, మూసిన కారులో ఆ ఆవిరి పీల్చాల్సి వస్తుంది, పైగా అవి అంటుకునే సరుకులు. తడిగుడ్డా పొడిగుడ్డా చాలు. టచ్‌స్క్రీన్‌ని అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో తుడవద్దు, మెరుపుని తగ్గించే దాని పూత పోతుంది. ఏ ద్రవాన్నైనా గుడ్డ మీదే చల్లాలి. బటన్ల మీద చల్లితే లోపలి సర్క్యూట్లలోకి దిగుతుంది.

అపోహ: పగుళ్లు పాలిష్ చేయకపోవడం వల్లే వస్తాయి

అసలు దోషి వేడి. అమెరికాలోని అరిజోనాలో ఎండాకాలం చేసి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కి చేరింది. నీడలో ఉంచిన కార్లలో అది 48 దగ్గర ఆగింది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండలు ఎరిగిన వాళ్లకి ఈ లెక్క వింతగా ఉండదు. ఆ 21 డిగ్రీల తేడా ఏ సీసాలోనూ దొరకదు. చెట్టు నీడ, ముందు అద్దానికి అడ్డంపెట్టే మడత షేడు, ఈ రెండే మందు. ముందు అద్దం రెండు పొరల మధ్యనున్న ప్లాస్టిక్ అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు ఆపుతుంది, వేడిని అంతగా ఆపలేదు.

ఈ వేడికి డ్యాష్‌బోర్డు నుంచి బెంజీన్ వచ్చి క్యాన్సర్ తెస్తుందని తిరుగుతున్న సందేశంలోని అంకెలకి ఆధారం లేదు. కొత్త ప్లాస్టిక్కుల నుంచి కొన్ని ఆవిర్లు వస్తాయన్నది మాత్రం నిజమే, అద్దం లోపలివైపు పట్టే పల్చటి పొర కొంత వాటిదే. ఏసీ వేసే ముందు కాసేపు కిటికీలు దించండి, వేడిగాలి పోయి కారు త్వరగా చల్లబడుతుంది.

అపోహ: షోరూమ్ కవరు ఎంతకాలం ఉంటే సీటు అంత భద్రం

కొత్త సీట్ల మీది ప్లాస్టిక్ కవరు ఏడాదైనా తీయని ఇళ్లు చాలా ఉన్నాయి. అది కారు మన చేతికొచ్చేదాకా ఉండాల్సింది. చెమటా వానతడీ దాని కింద నిలిచిపోయి, తీరప్రాంతంలోనైతే ఒక్క వానాకాలంలోనే బూజు పడుతుంది. కవరు తీశాక పూజలో సీటు మీద కుంకుమ పడితే తడిగుడ్డతో రుద్దకండి, ముందు పొడిబ్రష్‌తో దులపండి. పసుపు మరక ఎండ తగిలితే దానంతటదే వెలిసిపోతుంది, గీకాల్సిన పనిలేదు.

కవర్లలో శుభ్రతకి మించిన విషయం ఒకటుంది. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు ముందు సీటు అంచులోంచే తెరుచుకుంటుంది. బజారులో బిగుతుగా కుట్టించిన కవరు దానికి అడ్డుపడగలదు. అలాగే ముందు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు మూత మీద దేవుడి బొమ్మ అతికిస్తే, ప్రమాదంలో ఆ బొమ్మే ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. ఈసారి కారు తుడిచేటప్పుడు సీటు పక్కనా డ్యాష్‌బోర్డు మీదా ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు ఎక్కడున్నాయో వెతకండి. అక్కడ బొమ్మ ఉంటే పక్కకి జరపండి. ఎయిర్‌బ్యాగు దారి వదిలి కుట్టని కవరైతే తీసేయండి.